జబ్బు మనిషికి ఛార్జ్ మెమో: జడ్జి జాన్ పికరింగ్ కథ

అమెరికాలో అభిశంసన గొడవ లేచినప్పుడల్లా పేపర్లలో ఒక చిన్న బాక్స్ ఐటం వేస్తారు, ఇప్పటిదాకా ఎవరెవర్ని అలా పదవిలోంచి తీసేశారు అని. ఆ లిస్టులో మొట్టమొదటి పేరు జాన్ పికరింగ్, న్యూ హాంప్‌షైర్ జిల్లాకి ఫెడరల్ జడ్జి (అంటే రాష్ట్రానిది కాదు, కేంద్రం కోర్టు జడ్జి), 1804. పక్కనే కారణం కూడా ఒక ముక్కలో రాసేస్తారు, తాగి కోర్టుకి వచ్చాడు అని. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు మనసు ఎలాగో అయిపోతుంది. రెండొందల ఏళ్ళు దాటినా ఆ మనిషికి మిగిలిన పేరు అదొక్కటే, తాగుబోతు జడ్జి. ఆయన కేసు గురించి కొన్నేళ్ళుగా దొరికిందల్లా చదువుతూ ఉన్నాను, ఇంక రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

ముందే ఒకటి చెప్పేస్తాను. ఆయన్ని తీసెయ్యడం తప్పని నేను అనట్లేదు. ఆయన బెంచి మీద కూచోగలిగే స్థితిలో లేడు, ఆ కుర్చీలో ఇంకో మనిషి ఉండాల్సిందే. నేను తప్పంటున్నది తీసిన పద్ధతిని. మతి చెడిన మనిషి అని ఊరంతటికీ తెలుసు, ఆయన మంచి కోరేవాళ్ళకీ తెలుసు, చెడు కోరేవాళ్ళకీ తెలుసు, అయినా కాగితం మీద మాత్రం జబ్బు అని రాయలేదు, నేరం అని రాశారు. ఎందుకు రాశారంటే వాళ్ళ రాజ్యాంగంలో జబ్బు అనే మాటకి చోటు లేదు కాబట్టి. ఉన్న ఒక్క చిన్న చోటునీ వాళ్ళే రెండేళ్ళ ముందు మూసేశారు. ఆ సంగతి కిందకి వెళ్ళాక చెప్తాను.

ఇది నన్నెందుకు ఇంత పట్టుకుందో కూడా చెప్పాలి. మా పెదనాన్న ఒక గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటు. 80ల మాట ఇది. ఫైల్ నోట్ రాస్తే ఆఫీసర్లు చదవకుండా సంతకం పెట్టేవాళ్ళట, అంత నమ్మకం. యాభై రెండేళ్ళకే మతిమరుపు మొదలైంది. ఒకే బిల్లుని రెండుసార్లు పాస్ చెయ్యడం, తారీఖు వెయ్యాల్సిన చోట వాళ్ళ ఊరి పేరు రాయడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళే దారి మర్చిపోవడం. ఆఫీసులో వాళ్ళు మంచివాళ్ళే, రెండేళ్ళు కప్పిపుచ్చారు, అటెండరు పక్కనే స్టూలు వేసుకుని కూచుని ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించేవాడట. తర్వాత కొత్త ఆఫీసరు వచ్చాడు, లెక్కలు తేడా వచ్చాయి, ఛార్జ్ మెమో ఇచ్చారు. అందులో విధి నిర్వహణలో నిర్లక్ష్యం అని ఉంది, అది సరే, మూడో అభియోగం ఏంటంటే మద్యం సేవించి ఆఫీసుకి వచ్చాడని. నడక తడబడుతుండేది కదా, అదీ కారణం. జీవితంలో కల్లు కూడా ముట్టని మనిషి. ఆ కాగితం మా పెద్దమ్మ చదవలేదు, నాతోనే చదివించుకుంది, నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మద్యం అన్న మాట దగ్గర నేను ఆగిపోతే "చదువు నాన్నా, ఏం రాశారో చదువు" అంది. చదివాను. ఆవిడ ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

అందుకని పికరింగ్ నాకు అమెరికా చరిత్రలో ఎక్కడో ఉన్న మనిషిలా అనిపించడు.

తాగుబోతు జడ్జి అన్న రెండు మాటల కింద ఎంత మనిషి పూడిపోయాడో చూడండి. 1737లో న్యూ హాంప్‌షైర్‌లోని న్యూయింగ్టన్‌లో పుట్టాడు, 1761లో హార్వర్డ్‌లో చదువు ముగించాడు, తర్వాత పోర్ట్స్‌మత్ ఊళ్ళో వకీలు. పోర్ట్స్‌మత్ అంటే ఓడరేవు, ఓడల కేసులు, సుంకాల కేసులు, వర్తకుల తగాదాలు, ఆ ఊళ్ళో పేరున్న వకీలు అంటే చిన్న విషయం కాదు. బ్రిటిష్ వాళ్ళతో తెగతెంపులయ్యాక రాష్ట్రానికి సొంత రాజ్యాంగం రాసుకునే పనిలో ఆయన చెయ్యి ఉంది. 1787లో ఫిలడెల్ఫియాలో దేశం మొత్తానికి రాజ్యాంగం రాసే సభకి న్యూ హాంప్‌షైర్ తరఫున ఎన్నుకున్నారు, ఆయన వెళ్ళలేదు. కానీ మరుసటేడు ఆ రాజ్యాంగాన్ని తమ రాష్ట్రం ఒప్పుకోవాలా వద్దా అని సభ పెడితే అందులో ఒప్పుకోవాలని గట్టిగా నిలబడ్డవాళ్ళలో ఈయన ఒకడు. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ ఒప్పుకుంది, అది తొమ్మిదో రాష్ట్రం, తొమ్మిది చాలు అని ముందే రాసుకున్నారు కాబట్టి ఆ రోజుతోనే రాజ్యాంగం ఖాయమైపోయింది. అంటే ఏ రాజ్యాంగం కింద ఈయన్ని తర్వాత తీసేశారో దాన్ని నిలబెట్టిన చేతుల్లో ఈయన చెయ్యీ ఉంది. 1789లో గవర్నరు పదవిలాంటిది కొన్ని నెలలు చూశాడు, జాన్ లాంగ్డన్ సెనేట్‌కి వెళ్ళిపోతే ఆ ఖాళీలో. 1790 నుంచి రాష్ట్రం పెద్ద కోర్టుకి ప్రధాన న్యాయమూర్తి.

జబ్బు ఛాయలు అక్కడే మొదలయ్యాయి. నరాల బలహీనత అని ఆ రోజుల్లో అనేవాళ్ళు, ఊరూరూ తిరిగి కోర్టు పెట్టాల్సిన జడ్జి తిరగలేకపోతున్నాడని రాష్ట్ర శాసనసభలోనే తీసేద్దామన్న ప్రయత్నం జరిగింది, నెగ్గలేదు. అప్పుడేమైంది? 1795లో ప్రెసిడెంట్ వాషింగ్టన్ ఆయన్ని ఫెడరల్ జిల్లా జడ్జిగా వేశాడు. పెద్ద కోర్టు నుంచి పని తక్కువున్న కోర్టుకి అన్నమాట. గౌరవంగా పక్కన పెట్టడం. మన ఆఫీసుల్లో కూడా చేస్తారు కదా ఇది, పనిచెయ్యలేని పెద్దమనిషిని రికార్డు రూముకి వేస్తారు. కానీ ఆ కుర్చీ రికార్డు రూము కాదు, అక్కడ ఆయన సంతకంతో ఓడలు జప్తవుతాయి, ఓడలు విడుదలవుతాయి.

ఇంకో విషయం, ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూచున్నాను. పికరింగ్ కంటే ముందు అదే కుర్చీలో ఉన్నది జాన్ సలివన్, స్వాతంత్ర్య యుద్ధంలో జనరల్. 1789లో ఆ జిల్లాకి మొదటి ఫెడరల్ జడ్జి. 1792 తర్వాత ఆరోగ్యం పాడై ఆయన కోర్టుకే రాలేదు, 1795 జనవరిలో చనిపోయేదాకా జడ్జిగానే ఉన్నాడు. మూడేళ్ళు కుర్చీలో మనిషి లేడు, ఎవరూ ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే చేసే మార్గం లేదు. ఫెడరల్ జడ్జి పదవి సత్ప్రవర్తన ఉన్నంతకాలం, అంటే ఆచరణలో చచ్చేదాకా. తీసెయ్యాలంటే ఒకటే దారి, దిగువ సభ అభిశంసించాలి, సెనేట్‌లో మూడింట రెండొంతులు దోషి అనాలి. దేనికి దోషి అంటే దేశద్రోహం, లంచం, ఇతర ఘోర నేరాలు, దుశ్చర్యలు. మంచాన పడటం ఇందులో ఏ కింద వస్తుంది? పోనీ తనంతట తను రాజీనామా చేద్దామంటే పెన్షన్ లేదు, ఫెడరల్ జడ్జిలకి రిటైర్మెంట్ మీద జీతం అనేది 1869లో గానీ రాలేదు. న్యూ హాంప్‌షైర్ జిల్లా జడ్జికి 1789 చట్టం పెట్టిన జీతం ఏడాదికి 1000 డాలర్లు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఆ వెయ్యి డాలర్లని ఎవరు వదులుకోమంటారు? పెద్దమ్మ వదులుకునేదా? నేనైతే వదులుకోమని చెప్పలేను.

1800 వచ్చేసరికి పికరింగ్ పరిస్థితి దాచలేనంత అయిపోయింది. మతి పూర్తిగా చెదిరింది, దాంతోపాటు తాగుడు. 1801 ఏప్రిల్‌లో ఆయన కోర్టు సిబ్బందే పై కోర్టు జడ్జిలకి రాశారు, మా జడ్జిగారికి మతి స్థిమితం లేదు, తాత్కాలికంగా ఎవరినైనా పంపండి అని. పంపారు కూడా! జెరెమయా స్మిత్ అని సర్క్యూట్ జడ్జి వచ్చి పికరింగ్ పని తను చూశాడు. ఎలా కుదిరిందంటే 1801లో వచ్చిన కొత్త న్యాయవ్యవస్థ చట్టంలో ఒక సెక్షన్ ఉంది, జిల్లా జడ్జి పనిచెయ్యలేని స్థితిలో ఉంటే సర్క్యూట్ జడ్జిల్లో ఒకరు ఆ పని చూడొచ్చని. కుర్చీ ఆయనకే, జీతం ఆయనకే, పరువు ఆయనకే, పని మాత్రం ఇంకొకరు. ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు ఏముంటుంది చెప్పండి.

కానీ ఆ చట్టం పుట్టుకలోనే రాజకీయం ఉంది. ఎన్నికల్లో ఓడిపోయిన ఫెడరలిస్టులు దిగిపోయేముందు హడావిడిగా చేసుకున్న చట్టం అది, పదహారు కొత్త సర్క్యూట్ జడ్జి పోస్టులు పుట్టించి తమవాళ్ళతో నింపేశారు. జెఫర్సన్ గెలిచి వచ్చాడు, ఆయన పార్టీ రిపబ్లికన్లు (ఇప్పటి రిపబ్లికన్ పార్టీ కాదు, ఇది వేరు), వాళ్ళకి ఒళ్ళు మండింది, 1802 మార్చిలో చట్టం మొత్తాన్ని రద్దు చేసి పారేశారు. కొత్త జడ్జి పోస్టుల మీద కోపం న్యాయమైనదే అనుకుందాం. కానీ ఆ కోపంలో జబ్బు జడ్జి సెక్షన్ కూడా కొట్టుకుపోయింది. జూలై నుంచి రద్దు అమల్లోకి వచ్చింది, జెరెమయా స్మిత్ పోస్టే పోయింది, ఆయన వెళ్ళిపోయాడు, పికరింగ్ మళ్ళీ బెంచి మీదకి వచ్చాడు. సరిగ్గా నాలుగు నెలలకి ఎలైజా ఓడ కేసు.

ఎలైజా అనేది ఎలిఫలెట్ లాడ్ అనే వర్తకుడి ఓడ. సుంకం ఎగ్గొట్టి సరుకు దించారని 1802 అక్టోబరులో కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు. లాడ్ ఫెడరలిస్టు, కస్టమ్స్ ఆఫీసు రిపబ్లికన్ల చేతిలో ఉంది, ఊళ్ళో ఈ రెండు వర్గాలకీ అప్పటికే పడదు. నవంబరు 11న కేసు విచారణకి వచ్చింది. జడ్జి తాగి ఉన్నాడు, కోర్టు మర్నాటికి వాయిదా పడింది. 12న కూడా అదే పరిస్థితి. సర్కారు వకీలు జాన్ శామ్యూల్ షెర్బర్న్ మా సాక్షుల్ని వినండి అంటే వినలేదు, ఓడ యజమానికి ఇచ్చెయ్యమని తీర్పు చెప్పేశాడు, అప్పీలుకి వెళ్తామంటే దానికీ ఒప్పుకోలేదు. నిండు కోర్టులో దేవుడి పేరు పెట్టి తిట్లు.

ఇది చిన్న విషయం అని నేను అనను. సర్కారుకి రావాల్సిన సుంకం పోయింది, అవతలి పక్షం మాట వినకుండా తీర్పు వచ్చింది. రేపు ఇంకెవరి ఇల్లో వాకిలో పోవచ్చు. ఏదో ఒకటి చెయ్యాల్సిందే. చేసిందేంటంటే 1803 ఫిబ్రవరిలో జెఫర్సన్ ఆ కాగితాలన్నీ దిగువ సభకి పంపాడు, మార్చి 2న 45-8 ఓట్లతో పికరింగ్‌ని అభిశంసించారు. నాలుగు అభియోగాలు. సుంకం కట్టినట్టు కాగితం లేకుండా ఓడ విడిచిపెట్టాడు, సర్కారు సాక్షుల్ని వినలేదు, అప్పీలు నిరాకరించాడు, నాలుగోది తాగుడూ దూషణా. నాలుగింట్లో ఎక్కడా మతి చెడింది అన్న మాట లేదు. రాయలేదు ఎందుకంటే రాస్తే కేసు పోతుంది, పిచ్చివాడికి నేరం చేసే ఉద్దేశం ఉండదని అప్పటి చట్టానికీ తెలుసు.

అప్పుడు ఫెడరలిస్టులు ఏం చేశారు? నాకు వాళ్ళ మీద కోపం తక్కువేం లేదు. పికరింగ్ వాళ్ళ పార్టీ మనిషే, ఆయన రాజీనామా చేస్తే ఆ పోస్టులో జెఫర్సన్ తన మనిషిని వేసుకుంటాడు, అందుకే ఆయన్ని అలాగే అట్టిపెట్టారు. స్నేహితులు అనిపించుకున్నవాళ్ళు ఒక పిచ్చి మనిషిని కుర్చీకి కట్టేసి కూచోబెట్టారు, శత్రువులు ఆ కుర్చీతో సహా లాగి వీధిలో పడేశారు. మా పెదనాన్న ఆఫీసువాళ్ళది ప్రేమ, అందులో అనుమానం లేదు, అయినా ఆ రెండేళ్ళు కప్పిపుచ్చకుండా ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఎవరైనా పెద్దమ్మకి చెప్పుంటే ఆ మెమో వచ్చేది కాదు. ప్రేమతో దాచినా స్వార్థంతో దాచినా చివరికి దెబ్బ తగిలింది ఆ మనిషికే.

1804 మార్చిలో సెనేట్‌లో విచారణ. పికరింగ్ రాలేదు, రాగలిగే స్థితిలో లేడు. కొడుకు జేకబ్ పికరింగ్ ఒక అర్జీ పంపాడు. మా నాన్న ఈ అభియోగాల్లో చెప్పిన రోజులకి రెండేళ్ళ ముందు నుంచే మతి చెడి ఉన్నాడు, ఇప్పటికీ అంతే, ఏ రకమైన తీర్పూ చెయ్యగల మనసు కాదు ఆయనది, ఒంట్లో కూడా బాగాలేదు, ఇంత దూరం ప్రయాణం చెయ్యలేడు అని ఆ అర్జీ సారాంశం. దాన్ని సభలో చదివి వినిపించింది రాబర్ట్ గుడ్‌లో హార్పర్ అనే వకీలు. ఆయన ఒక మాట జాగ్రత్తగా చెప్పాడు, నేను జడ్జిగారి వకీలుగా రాలేదు, మతి లేని మనిషి వకీలుని పెట్టుకోలేడు కదా, కొడుకు అడిగితే వచ్చాను అని. దిగువ సభ తరఫున వాదించేవాళ్ళు దీన్ని అసలు వినకూడదన్నారు. సెనేట్ వింటానంది. వాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోయారు. జబ్బుకి సాక్ష్యాలు, డాక్టర్ల వాఙ్మూలాలతో సహా, అవతలి పక్షం లేకుండానే చదివారు.

తాగుడు వల్ల మతి పోయిందా, మతి పోవడం వల్ల తాగుడు వచ్చిందా అనేదే అక్కడ అసలు తగాదా అయిపోయింది. మొదటిదైతే ఆయన తప్పు, రెండోదైతే కాదు అన్నట్టు. ఇంట్లో ఇలాంటి జబ్బు చూసినవాళ్ళకి తెలుస్తుంది ఈ ప్రశ్న ఎంత అర్థం లేనిదో. ఏది ముందో ఎవరికి తెలుసు, రెండూ కలిసి మనిషిని తినేస్తుంటే.

మార్చి 12న ఓటింగ్. ఓటు వేసే ప్రశ్నని ఎలా రాశారన్నది ఈ కథ మొత్తానికి ప్రాణం. ఘోర నేరాలకీ దుశ్చర్యలకీ దోషేనా అని అడగాలని కొందరు సెనేటర్లు పట్టుబట్టారు, రాజ్యాంగంలో మాట అదే కదా. అలా అడిగితే కొందరి నోరు పెగలదని తెలుసు. అందుకని ప్రశ్నని మార్చి, ఫలానా అభియోగంలో చెప్పిన విధంగా దోషేనా అని పెట్టారు. అంటే తాగాడా, తాగాడు, అప్పీలు నిరాకరించాడా, నిరాకరించాడు, అది నేరమా కాదా అని మాత్రం అడక్కండి. కొందరు ఈ పద్ధతి నచ్చక ఓటు వెయ్యకుండా వెళ్ళిపోయారు. దిగువ సభలో ఉన్నప్పుడు అభిశంసనకి ఓటేసి తర్వాత సెనేటర్లయిన ముగ్గురు మాత్రం ఇక్కడ న్యాయమూర్తులుగా కూచున్నారు, వాళ్ళు తప్పుకోవాలని జాన్ క్విన్సీ ఆడమ్స్ అనే సెనేటర్ అడిగినా తప్పుకోలేదు. 19-7తో నాలుగు అభియోగాల్లోనూ దోషి. తర్వాత 20-6తో పదవి నుంచి తొలగింపు. అదే రోజు దిగువ సభ సుప్రీంకోర్టు జడ్జి, ఫెడరలిస్టు అయిన శామ్యూల్ చేజ్‌ని అభిశంసించింది. జబ్బు మనిషి మీద కత్తి పదును చూసుకుని అసలు శత్రువు మీదకి వెళ్ళారని చాలామంది రాశారు, నాకూ అలాగే అనిపిస్తుంది. చేజ్‌కి మతి బాగానే ఉంది, పెద్ద వకీళ్ళని పెట్టుకున్నాడు, మరుసటేడు బయటపడ్డాడు.

పికరింగ్ విచారణ మొదలవ్వక ముందే జెఫర్సన్ న్యూ హాంప్‌షైర్ సెనేటర్ విలియం ప్లూమర్‌తో మాట్లాడుతూ, జడ్జిల్ని అభిశంసనతో తియ్యడం మోటు పద్ధతి అని ఒప్పుకున్నాడు. ప్లూమర్ దాన్ని తన డైరీలో రాసుకున్నాడు. మోటు పద్ధతి అని తెలిసి కూడా అదే వాడాడు. ఇంకో పద్ధతి కోసం చట్టం చెయ్యడానికి రెండు సభల్లోనూ మెజారిటీ ఆయన పార్టీదే, 1801 నాటి ఆ ఒక్క సెక్షన్‌ని తిరిగి పెట్టడానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఏం చేస్తారు మరి, వేరే దారి లేదు, దేశం కొత్తది, అనేవాళ్ళు ఉంటారు. పెద్ద పెద్ద చరిత్రకారులే అన్నారు. నేను ఒప్పుకోను. పికరింగ్‌ని తీసేసిన ఐదేళ్ళకి, 1809లో, జిల్లా జడ్జి పనిచెయ్యలేకపోతే ఆయన కేసుల్ని సర్క్యూట్ కోర్టుకి మార్చొచ్చని చట్టం చేశారు. 1809లో చెయ్యగలిగింది 1803లో ఎందుకు చెయ్యలేరు?

మన దగ్గరికి వస్తే, మన రాజ్యాంగం 124వ అధికరణలో జడ్జిని తొలగించడానికి రెండు కారణాలు విడివిడిగా రాశారు, రుజువైన దుష్ప్రవర్తన, లేదా అసమర్థత. ఆ "లేదా" మాట చూసినప్పుడల్లా నాకు పికరింగ్ గుర్తొస్తాడు. 1968లో చేసిన జడ్జిల విచారణ చట్టంలో అయితే శారీరకంగా గానీ మానసికంగా గానీ చేతకాని స్థితి అని ఆరోపణ వచ్చి జడ్జి కాదంటే మెడికల్ బోర్డుతో పరీక్ష చేయించొచ్చు అని కూడా ఉంది. మన పద్ధతిలో లోపాలు లేవని కాదు, బోలెడున్నాయి, పార్లమెంటులో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, అది రాజకీయమే. కానీ కనీసం కాగితం మీద జబ్బుని జబ్బు అని రాసే గడి ఒకటుంది.

మా పెదనాన్నని కాపాడింది కూడా అలాంటి గడే. ఉద్యోగుల సంఘం మనిషి ఒకాయన ఇంటికొచ్చి, "అమ్మా, మెమోకి జవాబు తర్వాత చూద్దాం, ముందు మెడికల్ బోర్డుకి పెట్టుకోండి, ఇన్‌వాలిడ్ పెన్షన్ అని ఉంటుంది" అని చెప్పాడు. పెద్దమ్మకి ఆ మాటే తెలీదు, ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. బోర్డు ముందు పెదనాన్న తన పేరు చెప్పాడు, ఈ రోజు ఏ వారం అంటే నవ్వాడు. మెమో ఆగిపోయింది, పెన్షన్ వచ్చింది, ఇంకో ఆరేళ్ళు బతికాడు. ఆ మూడో అభియోగాన్ని కొట్టేసినట్టు కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పెద్దమ్మ చాలాకాలం అడిగింది.

పికరింగ్ కుర్చీలోకి 1804లోనే కొత్త జడ్జి వచ్చాడు. ఎవరనుకున్నారు? ఎలైజా కేసులో సర్కారు వకీలు, సెనేట్ ముందుకెళ్ళి పికరింగ్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన జాన్ శామ్యూల్ షెర్బర్న్. యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్న మనిషి, ఆయన జీవితం ఆయనది, తేలిగ్గా తీసిపారెయ్యను. ఇరవై రెండేళ్ళు ఆ బెంచి మీద పనిచేశాడు. 1826కి ఆయనకీ మతి చెడింది. ఆయన్ని ఎవరూ అభిశంసించలేదు. 1809 చట్టం ఉంది కాబట్టి ఆయన కేసుల్ని సర్క్యూట్ కోర్టుకి పంపేశారు, 1830లో చనిపోయేదాకా జడ్జిగానే ఉన్నాడు, జడ్జిగానే పోయాడు.

పికరింగ్ 1805 ఏప్రిల్ 11న పోర్ట్స్‌మత్‌లో పోయాడు, తీసేసిన పదమూడు నెలలకి. తనని తీసేశారన్న సంగతి ఆయనకి ఎంతవరకు అర్థమైందో. జేకబ్‌కి మాత్రం అంతా తెలుసు.